సీటు గొట్టం కోసిన రోజు

నాకు ముప్పై నాలుగేళ్లు. ఈ వయసులో విరమణ అంటే మా ఇంట్లోవాళ్లే ఒప్పుకోరు. అయినా ఆ పని నేను మానేసిన మాట నిజం, మళ్లీ పట్టుకోనన్న మాటా నిజం. ఏడేళ్లపాటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సైకిల్ రేసుల్లో సాంకేతిక తనిఖీ చేశాను. వారంలో ఆరు రోజులు విజయనగరంలో ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాపులో కుర్రాళ్లకు ఆకురాయి ఎలా పట్టుకోవాలో నేర్పేవాణ్ణి. ఆదివారాలు రోడ్డు పక్కన బల్ల వేసుకుని సైకిళ్లు చూసేవాణ్ణి. ఇక్కడ రాస్తున్నది ఆ ఆదివారాల గురించే.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర కొత్తవాళ్లు కూర్చుంటున్నారు. వాళ్లలో ఒకరు ఫోన్ చేసి, "అన్నా, మీ తనిఖీ లిస్టు ఉందట కదా, పంపండి" అన్నారు. పంపాను. పంపిన దగ్గర్నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. ఆ లిస్టును నేనే తయారు చేశాను, అందులో ఏం లేదో కూడా నాకే తెలుసు.

పని, పనిముట్లు

తనిఖీ అంటే మొదట్లో చాలా మామూలు పని. బ్రేకులు పడుతున్నాయా, హ్యాండిల్ చివర్లకు బిరడాలు ఉన్నాయా, టైరు చిరిగిందా, ఫ్రేములో పగులు ఉందా. రేసుకు ముందు ఒకసారి, గెలిచినవాళ్ల సైకిళ్లు రేసు తర్వాత ఇంకోసారి.

తర్వాత మోటార్ల గొడవ వచ్చింది. విదేశాల్లో పెద్ద రేసులు తొక్కేవాళ్లు ఫ్రేము లోపల మోటారు దాస్తున్నారన్న అనుమానం అప్పటికే కొన్నేళ్లుగా ఉంది. ఒక పోటీలో నిజంగానే ఒక సైకిల్లో దొరికింది కూడా. టార్చిలైటంత లావున్న మోటారును సీటు కింది నిలువు గొట్టంలోకి దించుతారు. అది పెడళ్ల ఇరుసును లోపలి నుంచి తిప్పుతుంది. బ్యాటరీ ఇంకో గొట్టంలోనో, నీళ్ల సీసాలోనో ఉంటుంది. బయటికి ఏమీ కనిపించదు. అక్కడి అధికారులు ఫ్రేముల మీద యంత్రాలు తిప్పి చూస్తారు, ఎక్స్‌రేలు తీస్తారు. ఆ వీడియోలు మన ఫోన్లలోకి రాగానే మన రేసుల్లో కూడా గెలిచిన ప్రతివాడి వెనక ఒక గుసగుస మొదలైంది.

నా దగ్గర ఎక్స్‌రే లేదు. ఉన్నవి ఇవి:

ఒకటి, కొక్కెం తక్కెడ. రెండు, దిక్సూచి. మూడు, ఫోనుకు తగిలించే తీగ కెమెరా. నాలుగు, మరలు విప్పే అలెన్ కీలు, పానాలు. ఐదు, ఇనుము కోసే రంపం. ఆరు, ప్రతి సైకిలు బరువూ రాసిపెట్టుకున్న నోటుపుస్తకం.

ఈ ఆరూ ఏదో ఒక రోజు నన్ను తప్పుదారి పట్టించాయి.

మా పై అధికారి పట్నాయక్ మాస్టారు. కోటబొమ్మాళి వైపు స్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. రేసులన్నిటికీ ఆయనే పెద్ద. నా పనిముట్ల పెట్టె మొదటిసారి చూసినప్పుడు ఆయన అన్నమాట: "ఒరే ఇంజినీరూ, ఆ గొట్టంలో మోటారెట్టగలిగినోడు మన రేసులకెందుకొస్తాడ్రా? ఆ తెలివితేటలకి వైజాగులో కంపెనీయే ఎట్టుకుంటాడు." నాకు కోపం వచ్చింది. ఆయనకు సాంకేతిక పరిజ్ఞానం లేదని నోటుపుస్తకంలో రాసుకోలేదు గానీ, మనసులో రాసుకున్నాను.

సాలూరు ఘాట్‌లో మోటారు

నాకు మొదటి దెబ్బ సాలూరులో తగిలింది. అక్కడి నుంచి ఒడిశా వైపు ఎక్కే ఘాట్ రోడ్డు మీద ఎక్కుడు పందెం పెట్టాం. విజయనగరం కుర్రాడొకడు అందరికంటే నాలుగు నిమిషాలు ముందొచ్చాడు. అంత తేడా అసాధ్యం. సైకిలు పక్కకు తీయించి నలభై నిమిషాలు చూశాను. బరువు సరిపోయింది. సీటు తీసి కెమెరా దించాను. పెడళ్లు వెనక్కి, ముందుకి తిప్పి చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు.

పక్కనే టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు గ్లాసు పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏటి సార్, ఆ సైకిలు అలా ఇప్పేస్తన్నారు? మోటారు నా బండికుంది గదా!"

"అంటే?"

"మూడు మలుపులు నా టార్పాలిను తాడు అట్టుకునే ఎక్కినాడు మీ వోడు."

"మరి నువ్వు బండి ఆపలేదేం?"

"పందెమని నాకేటి తెల్సు బాబూ? పాపం, కుర్రోడు ఆయాసపడతన్నాడని నాను నెమ్మదిగా లాక్కొచ్చినాను. కుదుపుకి పడిపోతాడని రెండో గేరు దాటనేదు."

గెలిచిన కుర్రాడి ఎడమ అరచేతిలో తాడు ఒరుసుకున్న ఎర్రటి గీత ఉంది. నలభై నిమిషాలు సైకిల్ని చూసినవాణ్ణి, ఒక్క క్షణం వాడి చేతులు చూడలేదు.

పట్నాయక్ మాస్టారు తిట్టలేదు. "సైకిల్నేటి సూస్తావురా, మనిషిని సూడు" అన్నారు.

ఇంటికెళ్లి లిస్టులో తొమ్మిదో అంశం చేర్చాను: అరచేతులు చూడవలెను. మర్నాడు గర్వంగా చూపిస్తే ఆయన ఆ కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "మంచిది" అని ఊరుకున్నారు. ఆయన చెప్పింది అది కాదని నాకు అప్పుడు తట్టలేదు.

కందిరీగలు

తర్వాత బొబ్బిలిలో. రేసుకు ముందే ఒక సైకిలు ఫ్రేములోంచి సన్నగా రొద వినిపిస్తోంది. చేయి వేస్తే గొట్టం అదురుతోంది కూడా. జనాన్ని దూరంగా నిలబెట్టి, ఆ సైకిలు అబ్బాయిని దోషిలా పక్కన నిలబెట్టి సీటు ఊడబీకాను. లోపలి నుంచి కందిరీగలు వచ్చాయి. సెలవుల్లో పెంకుటింటి చూరు కింద వేలాడదీసిన సైకిలట. నన్ను మూడు చోట్ల కుట్టాయి. రేసు అరగంట ఆలస్యమైంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఒక విషయం మీకు చెప్పాలి. ఆ రెండు సంఘటనల తర్వాత నా అనుమానం తగ్గాల్సింది. పెరిగింది. ఇప్పటిదాకా దొరకలేదంటే దాచేవాడు నాకంటే తెలివైనవాడన్నమాట అనుకున్నాను. ఇంట్లో రేసు వీడియోలు నాలుగోవంతు వేగంతో చూసేవాణ్ణి. ఎవరైనా సీటు మీదనుంచి లేవకుండా వేగం పెంచితే అక్కడ ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసేవాణ్ణి. మా ఆవిడ ఒకసారి కూరగాయలు తరుగుతూ అడిగింది: "మీరు రేసు సూస్తన్నారా, దొంగని ఎతుకుతన్నారా?"

రెండూ ఒకటే అన్నాను. ఆ సమాధానం ఎంత చెడ్డదో చెప్పడానికే ఈ మిగతాదంతా.

కోటబొమ్మాళి రేసు

ఇరవై మూడేళ్ల లోపువాళ్లకు జిల్లా రేసు. కోటబొమ్మాళిలో బయలుదేరి టెక్కలి, నౌపడా మీదుగా భావనపాడు వెళ్లి, అదే దారిన వెనక్కి. గెలిచిన ఒక్కడు మాత్రమే పది రోజుల తర్వాత విజయనగరంలో జరిగే రాష్ట్ర రేసుకు వెళ్తాడు. అక్కడ మొదటి ఇద్దరిలో ఒకడైతే జాతీయ పోటీలు, ఆ పత్రం చేతికొస్తే క్రీడా కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన వైపు కుర్రాళ్లు సైకిలు తొక్కేది దీనికోసమే. ఇది మరిచిపోయి ఎవరూ ఆ బల్ల దగ్గర కూర్చోకూడదు.

నూకరాజుది భావనపాడు. వేట కుటుంబం. ఆ ఏడాది దాటితే వయసు దాటిపోతుంది, కాబట్టి అదే ఆఖరి అవకాశం. వాడి సైకిలు ఎవరో వాడి వదిలేసిన పాత అల్యూమినియం ఫ్రేము. అంతకు రెండు నెలల ముందు టైఫాయిడ్‌తో టెక్కలి ఆస్పత్రిలో ఉన్నాడని అందరికీ తెలుసు. గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు.

గెలుస్తాడనుకున్నది కిరణ్. కోటబొమ్మాళిలో ఇనుప సామాన్ల కొట్టు నడిపే శెట్టిగారి అబ్బాయి. పొడుగ్గా, బలంగా ఉంటాడు. నెమ్మదైన పిల్లాడు.

తిరుగు ప్రయాణంలో నౌపడా ఉప్పు మడుల దగ్గర గాలి అడ్డంగా కొట్టింది. అక్కడ అడ్డం పెట్టుకోవడానికి చెట్టూ పుట్టా లేవు. అందరూ ఒకరి వెనక ఒకరు దాక్కుంటుంటే నూకరాజు రోడ్డు ఓరకు జరిగి ఒంటరిగా ముందుకు పోయాడు. రైలు గేటు దగ్గర పట్టాల మీద జారి పడ్డాడు కూడా. లేచి మళ్లీ ఎక్కి, కిరణ్ కంటే నిమిషంన్నర ముందు వచ్చాడు.

ఆ పడిన దృశ్యాన్ని ఎవరో ఫోన్లో తీశారు. సైకిలు నేల మీద ఉంది, మనిషి పక్కనున్నాడు, వెనక చక్రం తిరుగుతూనే ఉంది. చక్రం నేలకు తగిలి సైకిలు మొత్తం సగం చుట్టు తిరిగింది. సరిగ్గా ఇలాంటి విదేశీ వీడియో ఒకటి అప్పటికే అందరి ఫోన్లలోనూ ఉంది.

వేగంగా తిరిగే చక్రం గాల్లోకి లేస్తే తిరుగుతూనే ఉంటుంది, నేలకు తగిలితే సైకిల్ని తోస్తుంది. ఇది పాలిటెక్నిక్ మొదటి ఏడాది పాఠం. నాకు తెలుసు. ఆ మాట గట్టిగా చెప్పి ఉంటే అక్కడే ముగిసేది.

శెట్టిగారు ఫోను పట్టుకుని బల్ల దగ్గరికొచ్చారు. ఆయన దుర్మార్గుడు కాడు, నిజంగానే నమ్మారు.

"బాబూ, నాను ఎవుల మీదా నింద ఎయ్యడం నేదు. ఇది సూడు. సక్రం దానంతటదే ఎలాగ తిరుగుతాది? జొరమొచ్చి లేసినోడు మా వోడి మీద నిమిషంన్నర ఎలాగ తీస్తాడు? నీకు తెల్సినదే నువ్వు సెప్పు, నాను ఇనుకుంటాను."

నాకు తెలిసినది చెప్పలేదు. "చూద్దాం" అన్నాను.

బల్ల దగ్గర

సైకిలు తక్కెడకు తగిలించాను. పది కిలోల ఆరువందల గ్రాములు. నోటుపుస్తకం తీశాను. అదే సైకిలు, అవే చక్రాలు, కిందటి సీజనులో తొమ్మిది కిలోల ఎనిమిది వందలు. ఎనిమిది వందల గ్రాములు పెరిగింది. చిన్న మోటారు, చిన్న బ్యాటరీ కలిపితే ఇంచుమించు అంతే.

సీటు రాడ్డు తీయబోయాను. రాలేదు. బోల్టు వదులు చేసి, చక్రం బిగించి పట్టుకుని, బల్ల దగ్గరున్న ఇంకొకరూ నేనూ కలిసి మెలితిప్పాం. కదల్లేదు.

పెడళ్ల ఇరుసు వైపు నుంచి తెరుద్దామని చూశాను. పానా పట్టే గాడుల్లో నల్లటి పదార్థమేదో గట్టిపడి ఉంది. పానా జారిపోయింది. దిక్సూచి పెట్టాను. ముల్లు కదిలింది, కానీ అక్కడ ఉక్కు ఇరుసు ఉంటుంది కాబట్టి ఏ సైకిలు దగ్గరైనా కదులుతుంది. నీళ్ల సీసా బిగించే మర తీసి ఆ రంధ్రంలోంచి కెమెరా పెట్టబోయాను. రంధ్రం ఐదు మిల్లీమీటర్లు, కెమెరా తల ఐదున్నర.

అర మిల్లీమీటరు. దాని గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను.

నూకరాజు పదడుగుల దూరంలో తాడుకు అవతల నిలబడి ఉన్నాడు. మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. తనిఖీ జరిగేటప్పుడు సైకిలు యజమాని దగ్గరకు రాకూడదు. నా లిస్టులో రెండో అంశం.

"సీటు ఎందుకు రావడం లేదు?" అక్కడి నుంచే అడిగాను.

"తెల్దు సార్. తుపాను తరవాత నుంచి బిగిసిపోనాది. నాను ఆస్పత్రిలో ఉన్నప్పుడు సైకిలు ఇంటికాడే ఉన్నాది."

"బరువెందుకు పెరిగింది?"

"బరువెక్కినట్టు నాకూ అనిపించినాది. జొరమొచ్చి నానే నీరసించిపోనాననుకున్నాను."

"లోపల మోటారు ఉందా?"

జనంలో ఎవడో ఈల వేశాడు. నూకరాజు నవ్వబోయి ఆగిపోయాడు. "మా ఊర్లో మోటారుంటే తెప్పకి ఎడతాం సార్. సైకిలుకేటి?"

నేను అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. గాడుల్లోంచి నల్లటి పదార్థాన్ని గోటితో గీకాను, వాసన చూశాను, నోటుపుస్తకంలో 'గుర్తు తెలియని జిగురు' అని రాశాను. అది చేతిలో పెట్టుకుని పదడుగులు నడిచి, "ఇదేమిటో నీకు తెలుసా?" అని అడిగితే చాలు. బల్ల దగ్గర మేం ఐదుగురం ఉన్నాం. సముద్రం మీద బతికేవాడు ఒక్కడూ లేడు. ఉన్న ఒక్కణ్ణి తాడు అవతల నిలబెట్టాను.

పట్నాయక్ మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. "ఒరే, సైకిలు స్కూల్లో ఓ గదిలో ఎట్టి తాళం ఏద్దాం. నీ సంతకం, నా సంతకం ఎట్టి సీలు కొడదాం. రేపు ఆడి అయ్యని పిలిసి నెమ్మదిగా ఇప్పుదాం. రాష్ట్రం రేసుకి పది రోజులున్నాది గదా, తొందరేటి?"

"వీడియో ఇప్పటికే ఊరంతా తిరుగుతోంది మాస్టారూ. ఈ రోజే తేల్చాలి. లేకపోతే మనమే దాచామంటారు."

"అననీ. రేపటికి ఆల్లే మర్సిపోతారు."

"ఐదో అంశం స్పష్టంగా ఉంది. సాధారణ పద్ధతిలో తెరవలేకపోతే ఏ పద్ధతిలోనైనా తెరవవచ్చు. ఒప్పుకోకపోతే ఫలితం రద్దు."

"ఆ అంశం రాసినోడివి నువ్వే గదరా!"

అవును, నేనే. అందుకే దానిమీద అంత నమ్మకం. ఆయన నన్ను ఆపగలరు, అధికారం ఆయనదే. ఆపలేదు. చదువుకున్నవాడి మాట కాదనలేకపోయానని తర్వాత చెప్పారు. ఆ తప్పులో ఆయన వాటా అది. మిగిలినదంతా నాది.

నూకరాజుకు రెండు దారులు చెప్పాను. వాడు ఆలోచించలేదు.

"కోసెయ్యండి సార్. దొంగనన్న మాట మోసుకుని మా ఊరెల్లలేను."

ఒప్పుకున్నాడు కాబట్టి తప్పు నాది కాదని కొన్నాళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. తాడు అవతల, రెండు వందల మంది మధ్య ఇచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

ఇరుసుకు జానెడు పైన సీటు గొట్టంలో కిటికీలా కోశాను. గీత తిన్నగా వచ్చింది. రేకు ముక్క ఊడింది. లోపల నల్లగా, నున్నగా, గుండ్రంగా ఒక వస్తువు. జనం ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు. స్క్రూడ్రైవరుతో పొడిచాను. పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇంకా లోతుకు పొడిచాను. అంతా అదే.

నూకరాజు తాడు దాటి వచ్చాడు. ఎవరూ ఆపలేదు. ఒక పెచ్చు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది పడవకి పూసే గుగ్గిలం సార్. మా అయ్య పనే ఇది."

శెట్టిగారు ఫోను జేబులో పెట్టుకున్నారు. కిరణ్ మాత్రం సైకిలు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఆ కోసిన చోటు వేలితో తడుముతున్నాడు. ఫలితం ఖాయం చేశాం. మొదటి స్థానం నూకరాజు. చప్పట్లు ఎవరు మొదలుపెట్టాలో తెలియక ఎవరూ కొట్టలేదు.

భావనపాడు

రెండో రోజు భావనపాడు వెళ్లాను. క్షమాపణ చెప్పాలని వెళ్లాను గానీ, నిజానికి ఆ గుగ్గిలం సంగతి నాకు అంతు చిక్కక నిలవలేకపోయాను.

నూకరాజు తండ్రి ఎర్రయ్య పడవలు బాగుచేసే మనిషి. ఒడ్డున పడవ పక్కన కూర్చుని పలకల సందుల్లో పీచు కూరుతున్నాడు. నేనెవరో చెప్పాను. లేవలేదు, తిట్టనూ లేదు. కూర్చోమని ఇసుక చూపించాడు.

"తుపానొస్తాదన్నారు. ఆడు ఆస్పత్రిలో ఉన్నాడు. పడవలన్నీ పైకి లాగి, సందులన్నీ మూసేసినాం. ఇంకా గుగ్గిలం మిగిలినాది. ఆడి సైకిలు గొట్టాలు సూస్తే లోపల ఖాళీ. ఉప్పునీరెల్తే తినేస్తాది గదా? గుగ్గిలం, నూనె కలిపి కాసి పోసేసినాను. పడవకి ఎలాగో అలాగే. ఆడు లేసినాక సైకిలు గట్టిగా ఉండాలనేసి."

"నూకరాజుకు చెప్పలేదా?"

"ఆడు జొరం తగ్గి లేసినాడు, సైకిలెక్కినాడు. సెప్పడానికేటున్నాది? పడవకి పూసినట్టు పడవతో సెప్తామా?"

పొయ్యి మీద మూకుడులో అదే నల్లటి పదార్థం కాగుతోంది. తేనెలా జారుతోంది. నేను దాని వైపే చూస్తుండడం చూశాడు.

"సెగ తగిల్తే జారిపోద్ది బాబూ. మరిగిన నీల్లు నాలుగు బిందెలు పోసుంటే మీ సీటు దానంతటదే ఊడొచ్చును. రంపమెందుకు?" పీచు కూరడం ఆపకుండానే అన్నాడు. "నన్నెవులూ అడగనేదు."

పాలిటెక్నిక్‌లో వేడి చేస్తే ఏది ఎంత వ్యాకోచిస్తుందో నేను పాఠం చెబుతాను. బిగిసిన భాగానికి ముందు వేడి చూపించాలని వర్క్‌షాపు గోడ మీద నేనే రాయించాను. ఆ రోజు ఆ బల్ల దగ్గర నాకది గుర్తు రాలేదు. బిగిసిన భాగం నా కళ్లకు బిగిసిన భాగంలా కనపడలేదు, దాచిన భాగంలా కనపడింది.

వచ్చేటప్పుడు ఎర్రయ్య ఒక మాటన్నాడు. "సైకిలు నాను అతికేస్తాను. ఫైబరు బోట్లకి గుడ్డేసి జిగురు పూస్తాం గదా, అలాగే. మీరేటీ బెంగ ఎట్టుకోకండి."

ఆయన నన్ను ఓదార్చాడు. తిరుగు బస్సులో అదే గుచ్చుకుంటూ ఉంది.

విజయనగరం

రాష్ట్ర రేసు రోజున తనిఖీ బల్ల దగ్గర నేనే ఉన్నాను. నూకరాజు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. కోసిన చోట ఫైబరు గుడ్డ నాలుగు వరుసలు చుట్టి, జిగురు పూసి, గీసి నున్నగా చేసి, ఫ్రేము రంగుకు దగ్గర రంగు కూడా వేశారు. నేను జీవితంలో చూసిన చక్కని అతుకుల్లో అదొకటి.

అయితే కోతపడిన అల్యూమినియం గొట్టానికి బయట గుడ్డ చుడితే పడవ అడుగులా నిలబడదు. దిగుడులో బ్రేకు వేసినప్పుడు, గుంటలో పడినప్పుడు ఆ అతుకు అంచున పగులు మొదలవుతుంది. గంటకు యాభై కిలోమీటర్ల వేగంలో సీటు కింద గొట్టం విరిగితే ఏమవుతుందో నాకు తెలుసు. చేత్తో నొక్కి, ఒక వేలితో కొట్టి విన్నాను. అతుకు అంచున బోలు శబ్దం.

నేను కోసిన సైకిల్ని నేనే తిరస్కరించాల్సి వచ్చింది.

"ఈ ఫ్రేముతో పంపలేను" అన్నాను.

నూకరాజు ఆ అతుకు మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు. పట్నాయక్ మాస్టారు నా వెనకే ఉన్నారు. కొత్తవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. మొదటి నిర్ణయం తప్పు. రెండోది తప్పు కాదు. మొదటి దానికి సిగ్గుపడి రెండోదాన్ని సడలించి ఉంటే వాడి మెడ విరిగేది. ఇప్పటికీ అదే అంటాను. కానీ సరైన నిర్ణయం తీసుకున్నందువల్ల మనసు కుదుటపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

చూడ్డానికి వచ్చిన కిరణ్, విజయనగరంలో తాను దిగిన చోటి నుంచి తన సైకిలు ఆటోలో తెప్పించాడు. "ఒరే నూకరాజూ, నీకు పెద్దదైపోతాది. సీటు అడుక్కంటా దించేద్దాం. ఏటాలోచిస్తన్నావు, ఎక్కరా!" దించాం. అయినా కాళ్లు పూర్తిగా అందలేదు. వాడు రెండున్నర గంటలు అలాగే ఒక పక్కకు ఒరుగుతూ, మళ్లీ ఇంకో పక్కకు ఒరుగుతూ తొక్కాడు. నేను ముగింపు గీత దగ్గర కూర్చోలేక, నిలబడలేక అటూ ఇటూ తిరిగాను.

మూడో స్థానం. రెండో వాడికీ వాడికీ మధ్య చక్రం పొడవు తేడా.

ఆ ఏడాదితో వాడి వయసు దాటిపోయింది. తర్వాత మా వైపు వేటకుర్రాళ్లు చాలామంది వెళ్లినట్టే గుజరాత్ వెళ్లి పెద్ద బోటు ఎక్కాడు. నేను ఆ సీజను చివర పని మానేశాను. మా పై అధికారులు కారణం రాయమన్నారు. 'వ్యక్తిగత కారణాలు' అని రాశాను. అసలు కారణం ఆ రోజు రేసు అయిపోయాక జరిగిన మాటలు.

కుళాయి దగ్గర వాడు కిరణ్ సైకిలు కడుగుతున్నాడు. ఇచ్చినట్టే తిరిగి ఇవ్వాలని చైను కూడా గుడ్డతో తుడుస్తున్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఏదో అనబోతే వాడే ముందు అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"ఒక మాట అడుగుతాను సార్, ఏటనుకోకండి. ఆ రోజు కోటబొమ్మాళిలో లోపల నల్లగా కనబడినాది గదా. అది మోటారే అయ్యుంటే మీకు బాగుణ్ణా?"

లేదు అనబోయాను. నోటిదాకా వచ్చింది.

కానీ ఆ రేకు ముక్క ఊడిన క్షణం నాకు గుర్తుంది. నల్లగా, గుండ్రంగా అది కనిపించినప్పుడు నా ఒళ్లంతా తేలికైపోయింది. దొరికింది అనుకున్నాను. సాలూరు, బొబ్బిలి, నాలుగోవంతు వేగంతో చూసిన ఆ వీడియోలన్నీ వృథా పోలేదనుకున్నాను. పెచ్చులు రాలడం మొదలైనప్పుడు వాడు నిర్దోషి అన్న సంతోషం ముందు రాలేదు. నిరాశ ముందొచ్చింది.

"అవును నూకరాజూ," అన్నాను. "బాగుణ్ణు అనిపించింది."

వాడు తలూపాడు. గుడ్డ పిండి హ్యాండిలు మీద ఆరేశాడు.

"నాకు తెల్సు సార్. అందరూ గొట్టం సూస్తన్నారు. నాను మీ మొకం సూసినాను."

సైకిలు నడిపించుకుంటూ కిరణ్‌కు అప్పజెప్పడానికి వెళ్లిపోయాడు.